త్రిభుజం చెప్పే లెక్క: పొలం గట్టు నుండి కాబా దిశ వరకు

పదవ తరగతి గణిత పుస్తకంలో త్రికోణమితి అధ్యాయం రాగానే అనేక ఇళ్ళలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఈ సైన్, కాస్, టాన్ మనకెందుకు పనికొస్తాయి?" పిల్లలు అడిగే ఈ ప్రశ్నకు పెద్దలు సాధారణంగా "పరీక్షలో మార్కులు వస్తాయి" అని జవాబిచ్చి ఊరకుంటారు. ఆ జవాబు అబద్ధం కాదు గాని అసంపూర్ణం. మనం రోజుకు అయిదు పూటలు ఏ దిశకు తిరిగి నిలబడుతున్నామో ఆ దిశను నిర్ణయించినది ఈ శాస్త్రమే. అస్ర్ వేళ ఎప్పుడు ప్రవేశిస్తుందో లెక్కగట్టినదీ ఇదే. తండ్రి వదిలివెళ్ళిన భూమిలో ఆడపడుచు వాటా ఎంతో గజాలతో సహా తేల్చి చెప్పగలిగేదీ ఇదే. కనుక ఈ నెల మన కుటుంబాల ముందు త్రిభుజాన్ని ఉంచదలచాము. కాగితం, పెన్సిలు, ఒక కోణమానిని దగ్గర పెట్టుకొని చదివితే మరింత ప్రయోజనం.

మూడు తెలిస్తే ఆరూ తెలుస్తాయి

ప్రతి త్రిభుజానికి మూడు భుజాలు, మూడు కోణాలు, మొత్తం ఆరు అంగాలు ఉంటాయి. వీటిలో మూడు తెలిస్తే, ఆ మూడింటిలో కనీసం ఒకటి భుజమై ఉంటే, మిగిలిన మూడింటిని సాధారణంగా లెక్కతో రాబట్టవచ్చు. త్రికోణమితి సారాంశమంతా ఇంతే. మూడు కోణాలు మాత్రమే తెలిస్తే త్రిభుజపు ఆకారం తెలుస్తుంది గాని పరిమాణం తెలియదు. అందుకే ఒక్క భుజమైనా కొలిచి ఉండాలి.

లంబకోణ త్రిభుజంతో మొదలుపెడదాము. అందులో ఒక కోణం 90 డిగ్రీలు. దాని ఎదుటనున్న పొడవైన భుజం కర్ణం. మనం ఎంచుకున్న మరొక కోణానికి ఎదురుగా ఉన్నది ఎదుటి భుజం, ఆ కోణాన్ని ఆనుకొని ఉన్నది ఆసన్న భుజం. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కొసైన్, ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాంజెంట్. త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా కోణం మారనంత వరకు ఈ నిష్పత్తులు మారవు. చేతిలోని కాగితంపై గీసిన త్రిభుజానికి ఏ నిష్పత్తి ఉందో, ఆకాశాన్నంటే మీనారుకు, దాని నీడకు మధ్య ఏర్పడే త్రిభుజానికీ అదే నిష్పత్తి ఉంటుంది.

మన వీధిలోని మస్జిదు మీనారు ఎత్తు తెలుసుకోవాలనుకోండి. మీనారు మొదలు నుండి 20 మీటర్ల దూరంలో నిలబడి దాని కొనను చూడాలి. కోణమానిని కేంద్రం నుండి దారం కట్టి చిన్న బరువును వేలాడదీసి, దాని తిన్నని అంచు గుండా మీనారు కొనను గురిచూస్తే, దారం 90 గుర్తు నుండి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. అది 58 డిగ్రీలు వచ్చిందనుకుందాము. 58 డిగ్రీల టాంజెంట్ 1.6. దానిని 20తో గుణిస్తే 32 మీటర్లు. మన కన్ను నేల నుండి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక దానిని కలిపితే మీనారు ఎత్తు 33.5 మీటర్లు. ఎవరూ పైకి ఎక్కలేదు, తాడు జారవిడువలేదు.

మీనారు మొదలు వరకు వెళ్ళే వీలు లేకపోతే? అప్పుడు రెండు చోట్ల నుండి చూడాలి. మొదటి చోట కోణం 30 డిగ్రీలు వచ్చింది. సూటిగా 20 మీటర్లు ముందుకు నడిచాక 45 డిగ్రీలు వచ్చింది. 45 డిగ్రీల చోట దూరం, ఎత్తు సమానం. 30 డిగ్రీల చోట దూరం ఎత్తుకు 1.732 రెట్లు. ఈ రెండు దూరాల తేడా, అనగా ఎత్తుకు 0.732 రెట్లు, మనం నడిచిన 20 మీటర్లకు సమానం. 20ని 0.732తో భాగిస్తే 27.3 మీటర్లు. కన్ను ఎత్తు కలిపితే 28.8. మధ్యలో ఏరు ఉన్నా, ప్రహరీ ఉన్నా ఈ లెక్కకు అడ్డు కాదు.

కొండపై నుండి భూగోళాన్ని కొలిచిన అల్‌బిరూనీ

ఇలాంటి కోణాల లెక్కతోనే ఒక మహా పండితుడు భూగోళాన్ని కొలిచాడు. అబూ రైహాన్ అల్‌బిరూనీ 973లో ఖ్వారిజమ్‌లో జన్మించాడు. భారతదేశపు శాస్త్రాలను, సంస్కృతాన్ని శ్రద్ధగా అభ్యసించి మన దేశం గురించి బృహద్గ్రంథం రచించినవాడు ఆయనే. నేడు పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతంలో ఉన్న నందనా కోట వద్ద ఆయన ముందుగా ఒక కొండ ఎత్తును కోణాలతో లెక్కగట్టాడు. అది 652 మూరలకు కొంచెం పైన తేలింది. తరువాత కొండ శిఖరం నుండి దిగంతాన్ని చూసి, సమతల రేఖ కంటే అది ఎంత దిగువన కనిపిస్తున్నదో కొలిచాడు. ఆ నిమ్నకోణం కేవలం 34 నిమిషాలు, అనగా ఒక డిగ్రీలో సగం కంటే కాస్త ఎక్కువ.

శిఖరం, దిగంతం, భూకేంద్రం కలిస్తే ఒక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. దాని కర్ణం భూవ్యాసార్ధానికి కొండ ఎత్తు కలిపినంత. దిగంతం వద్ద లంబకోణం. భూకేంద్రం వద్ద కోణం, శిఖరం నుండి కొలిచిన నిమ్నకోణం సమానం. ఈ లెక్కను నేటి సైన్ పట్టికలతో మనమే చేసి చూస్తే భూవ్యాసార్ధం కొండ ఎత్తుకు సుమారు 20,450 రెట్లు వస్తుంది. 652 మూరలను దానితో గుణిస్తే దాదాపు 1 కోటి 33 లక్షల మూరలు. మూరను అర మీటరుగా తీసుకుంటే 6,670 కిలోమీటర్ల చేరువ. నేటి శాస్త్రం చెప్పే సగటు 6,371 కిలోమీటర్లు. వెయ్యేళ్ళ క్రితం, ఒక్క కొండ ఆసరాతో ఇంత దగ్గరికి రావడం ఆశ్చర్యకరం కాదా?

"జేబు"లో దాగిన చరిత్ర

సైన్ అనే మాట పుట్టుక తెలుగు ముస్లిం ఇళ్ళలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆర్యభటుడు 499లో రచించిన ఆర్యభటీయంలో ఈ నిష్పత్తికి మూలమైన అర్ధజ్యాల పట్టికను ఇచ్చాడు. జ్యా అంటే వింటినారి. దానికి మరొక పేరు జీవా. భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాదు చేరినప్పుడు అరబ్బు పండితులు ఆ మాటను "జీబా"గా వ్రాసుకున్నారు. అరబ్బీ లిపిలో అచ్చులను సాధారణంగా వ్రాయరు కనుక తరువాతి వారు దానిని "జైబ్" అని చదివారు. జైబ్ అంటే దుస్తుల మెడ భాగం, ఎద, మడత. సూరా నూర్ 31వ ఆయతులో స్త్రీల ఓణీల ప్రస్తావనలో వచ్చే "జుయూబ్" దాని బహువచనమే. లాటిన్ అనువాదకులు జైబ్‌ను తమ భాషలో మడత, ఎద అనే అర్థమున్న "సైనస్"గా మార్చారు. అదే నేటి సైన్. మనం చొక్కాకు కుట్టించుకునే "జేబు" కూడా ఆ అరబ్బీ మాట సంతానమే. ఒక హిందూ దేశపు శాస్త్రజ్ఞుని మాట అరబ్బుల కలం గుండా ఐరోపా చేరి, తిరిగి మన పిల్లల పాఠ్యపుస్తకంలోకి వచ్చింది. విద్యకు సరిహద్దులు లేవనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

టాంజెంటుకు అరబ్బీ పండితులు పెట్టిన పేరు "జిల్", అనగా నీడ. నేల మీద పాతిన కర్రకు, దాని నీడకు మధ్యనున్న సంబంధమే అది. పదవ శతాబ్దంలో బాగ్దాదులోని అబుల్ వఫా అల్‌బూజ్‌జానీ ఈ నిష్పత్తుల పట్టికలను ఎంతో సూక్ష్మంగా తయారుచేశాడు. పదమూడవ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ త్రికోణమితిని ఖగోళశాస్త్రానికి తోకగా కాక స్వతంత్ర శాస్త్రంగా నిలిపాడు. సమర్‌కందులో పనిచేసి 1429లో మరణించిన జమ్‌షీద్ అల్‌కాషీ పేరు మీదనే నేటికీ ఫ్రాన్సు పాఠశాలల్లో కొసైన్ సూత్రాన్ని అల్‌కాషీ సిద్ధాంతమని బోధిస్తారు.

నీడ లెక్కతో అస్ర్ వేళ తెలుస్తుంది. మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దాని పొడవంత అయినప్పుడు అస్ర్ ప్రవేశిస్తుందని షాఫయీ ఫిఖా, రెండింతలైనప్పుడని హనఫీ ఫిఖాలోని ప్రసిద్ధాభిప్రాయం. హైదరాబాదులో మే రెండవ వారంలో, ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు నడినెత్తిన నిలిచి మధ్యాహ్నపు నీడ లేకుండా పోయే రోజులున్నాయి. ఆ రోజుల్లో సూర్యుని ఎత్తు 45 డిగ్రీలకు దిగినప్పుడు నీడ వస్తువంత, 26.6 డిగ్రీలకు దిగినప్పుడు రెండింతలు అవుతుంది. మస్జిదు గోడకు వేలాడే నమాజు వేళల పట్టిక వెనుక ఉన్నది ఈ టాంజెంటే.

పొలం, వారసత్వం, ఒక మూల

ఇక ఇహలోకపు వ్యవహారానికి వద్దాము. వారసత్వ భూమి విషయంలో తరచుగా వినిపించే సాకు: "పొలం మూడు మూలలుగా ఉంది, మధ్యలో ముళ్ళపొదలు, సరిగా పంచడం సాధ్యం కాదు. చెల్లెళ్ళకు ఏదో ఇంత డబ్బు ఇచ్చేస్తే సరిపోతుంది." సాధ్యం కాదన్నది నిజమేనా? చూద్దాము.

త్రిభుజాకారపు పొలం ఒకటి ఉన్నదనుకోండి. బాట వెంబడి ఉన్న గట్టు 80 మీటర్లు. దాని ఒక కొస నుండి లోపలికి వెళ్ళే గట్టు 60 మీటర్లు. మూడవ గట్టు పొదలతో కప్పబడి కొలవడానికి వీలు లేదు. మొదట ఆ రెండు గట్లు కలిసే మూల కోణం తెలియాలి. మూల నుండి రెండు గట్ల మీద పదేసి మీటర్ల చొప్పున కొలిచి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం కొలవాలి. దానిలో సగాన్ని పదితో భాగిస్తే వచ్చేది సగం కోణపు సైన్. గుర్తుల మధ్య కూడా సరిగ్గా 10 మీటర్లే వచ్చిందనుకుందాము. సగం కోణపు సైన్ 0.5, సగం కోణం 30 డిగ్రీలు, మూల కోణం 60 డిగ్రీలు.

ఇప్పుడు కొసైన్ సూత్రం. తెలిసిన రెండు భుజాల వర్గాలను కూడి, అందులో నుండి ఆ రెండు భుజాలను, మధ్య కోణపు కొసైన్‌ను గుణించగా వచ్చిన దానికి రెండింతలు తీసివేయాలి. 6,400కు 3,600 కలిపితే 10,000. 60 డిగ్రీల కొసైన్ 0.5 కనుక తీసివేయవలసినది 4,800. మిగిలినది 5,200. దాని వర్గమూలం 72.1. కొలవలేని గట్టు పొడవు 72.1 మీటర్లన్నమాట.

మిగిలిన కోణాలకు సైన్ సూత్రం: ఏ త్రిభుజంలోనైనా ప్రతి భుజాన్ని దాని ఎదుటి కోణపు సైన్‌తో భాగిస్తే ఒకే సంఖ్య వస్తుంది. 60 మీటర్ల గట్టుకు ఎదుటి కోణపు సైన్ 0.72, కోణం 46.1 డిగ్రీలు. మూడవది 180 నుండి మిగిలినవి తీసివేయగా 73.9 డిగ్రీలు. ఇక్కడ పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకే సైన్ విలువకు రెండు కోణాలు ఉంటాయి, ఒకటి 90కి లోపు, మరొకటి పైన. అందుచేత చిన్న భుజానికి ఎదుటి కోణాన్ని ముందుగా లెక్కించాలి. పెద్ద భుజం మరొకటి ఉండగా అది 90కి మించే అవకాశం లేదు.

విస్తీర్ణం మరీ సులువు. రెండు భుజాల లబ్ధంలో సగాన్ని మధ్య కోణపు సైన్‌తో గుణించాలి. 2,400ను 0.866తో గుణిస్తే 2,078 చదరపు మీటర్లు, సుమారు 2,486 చదరపు గజాలు, అంటే ఇరవైన్నర గుంటలు.

మరణించినవారికి ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు మాత్రమే వారసులని, అప్పులు, వసీయతు తీరిన తరువాత మిగిలిన ఆస్తి ఇదేనని అనుకుందాము. సూరా నిసా 11వ ఆయతు ఆదేశం ప్రకారం కుమారునికి సగం, కుమార్తెలకు నాలుగవ వంతు చొప్పున. బాట గట్టు 80 మీటర్లను 40, 20, 20గా విభజించి, ఆ గుర్తుల నుండి ఎదుటి మూలకు సూటిగా గీతలు గీస్తే చాలు. ఎదుటి మూల నుండి బాటకు ఎత్తు ఒక్కటే కనుక విస్తీర్ణాలు కూడా అదే నిష్పత్తిలో ఉంటాయి: 1,243, 621.5, 621.5 చదరపు గజాలు. ముగ్గురికీ బాట వైపు ప్రవేశం కూడా దక్కుతుంది. నేల సారంలో, నీటి వసతిలో తేడా ఉంటే ఆ మేరకు విలువ కట్టి సర్దుకోవలసి ఉంటుంది, అది వేరు. కాని "పంచడం సాధ్యం కాదు" అనే మాట మాత్రం లెక్క ముందు నిలువదు. సోదరి వాటా అడగకపోవడం ఆమె మంచితనం కావచ్చు. కొలవకుండా ఉండటం మన మంచితనం కాదు.

ఒక్క భుజాన్ని కొలిచి, మిగిలినదంతా కోణాలతో రాబట్టే ఈ పద్ధతితోనే మన దేశపటం తయారైంది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ సుమారు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను గొలుసుతో కొలిచి మహా త్రికోణమితీయ సర్వేను ప్రారంభించాడు. అక్కడి నుండి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ ఆ కొలత హిమాలయాల వరకు సాగింది. ఆ సర్వే వాడిన సున్నితమైన యంత్రాలను బాగుచేసి నిలిపినవారిలో ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్‌సిన్ హుసేన్ ప్రముఖుడు. మన పిల్లలు తెలుసుకోవలసిన పేరు అది.

ఖిబ్లా: గోళం మీద గీసిన త్రిభుజం

సూరా బఖరా 144వ ఆయతులో విశ్వాసులు ఎక్కడ ఉన్నా మస్జిదె హరామ్ వైపు ముఖం తిప్పాలని ఆదేశం ఉన్నది. ఎక్కడ ఉన్నా అన్న ఆ మాట ముస్లిం పండితులను శతాబ్దాల పాటు గణితం వైపు నడిపించింది. అల్‌బిరూనీ 1025లో పూర్తిచేసిన గ్రంథంలో నగరాల మధ్య దూరాలు, అక్షాంశ రేఖాంశాలు లెక్కిస్తూ గజనీ నగరపు ఖిబ్లాను నిర్ణయించాడు. పద్నాలుగవ శతాబ్దంలో డమాస్కసు ఉమయ్యద్ మస్జిదులో నమాజు వేళల లెక్కలు చూసే ముఅఖ్ఖిత్‌గా ఉన్న షమ్సుద్దీన్ అల్‌ఖలీలీ, వివిధ అక్షాంశ రేఖాంశాలకు ఖిబ్లా దిశను తెలిపే దాదాపు మూడు వేల విలువల పట్టికను సిద్ధం చేశాడు.

హైదరాబాదు నుండి లెక్క ఎలా ఉంటుందో చూద్దాము. మక్కా అక్షాంశం 21.4 డిగ్రీలు, హైదరాబాదుది 17.4. రేఖాంశాల తేడా 38.7 డిగ్రీలు. బల్లపరుపు పటం మీద గీత గీస్తే ఖిబ్లా పడమరకు సుమారు 6 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నట్లు తోస్తుంది. కాని భూమి గోళం. అందుచేత త్రిభుజాన్ని గోళం మీదనే గీయాలి. దాని మూడు శీర్షాలు మన ఊరు, మక్కా, ఉత్తర ధ్రువం. మన ఊరి నుండి ధ్రువానికి 72.6 డిగ్రీలు, మక్కా నుండి ధ్రువానికి 68.6 డిగ్రీలు, ధ్రువం వద్ద కోణం 38.7 డిగ్రీలు. పొలం లెక్కలో వలెనే రెండు భుజాలు, మధ్య కోణం తెలిసాయి. కావలసినది మన ఊరి వద్ద కోణం. గోళ త్రికోణమితి సూత్రాలతో అది ఉత్తరం నుండి పడమరకు 77.3 డిగ్రీలు, అనగా పడమరకు 12.7 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. దూరం సుమారు 4,070 కిలోమీటర్లు. ఇదే విధంగా లెక్కిస్తే పడమరకు ఉత్తరంగా విశాఖపట్నంలో సుమారు 12.6, విజయవాడలో 13.9, కర్నూలులో 14.8 డిగ్రీలు.

లెక్క రానివారు కూడా సరిచూసుకునే సులభమార్గం ఒకటి ఉన్నది. ప్రతి ఏటా మే 28, జూలై 16 తేదీల ప్రాంతంలో మక్కాలో మధ్యాహ్నం సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా పైన ఉంటాడు. మన గడియారాల్లో అది మేలో సుమారు 2 గంటల 48 నిమిషాలు, జూలైలో సుమారు 2 గంటల 57 నిమిషాలు. ఆ క్షణంలో నిటారుగా నిలిపిన కర్ర నీడ ఏ వైపు పడితే దానికి సరిగ్గా ఎదుటి వైపు ఖిబ్లా. ఇనుప చువ్వల స్లాబుల మధ్య ఫోనులోని దిక్సూచి దారితప్పవచ్చు గాని, సూర్యుని నీడ తప్పదు.

లెక్క కొలవడానికి, తగాదాకు కాదు

ఈ విజ్ఞానం చేతికి వచ్చాక ఒక మాట గుర్తుంచుకోవాలి. పాత మస్జిదులు కొన్ని సూటిగా పడమర ముఖంగా నిర్మించబడ్డాయి. నేడు ఎవరో ఫోను తెరిచి "12 డిగ్రీలు తేడా ఉంది, ఇన్నేళ్ళ నమాజులన్నీ ఏమయ్యాయి?" అని అలజడి రేపుతారు. జమాఅత్ రెండుగా చీలుతుంది. ఇది తగదు. హనఫీ ఫిఖా ప్రకారం మక్కాకు దూరంగా ఉన్నవారికి కాబా దిశ చాలు. ఇరువైపులా 45 డిగ్రీల లోపు వ్యత్యాసం నమాజును భంగపరచదని ఉలమాలు వివరించారు. ఆ సౌలభ్యం వెనుకనున్న వివేకాన్ని లెక్కే చూపుతుంది. హైదరాబాదులో ఒక్క డిగ్రీ తప్పితే మక్కా వద్ద గురి 66 కిలోమీటర్లు జరుగుతుంది. నిలబడిన మనిషి భుజాలు ఒక డిగ్రీ కదలకుండా ఉంచగలవారెవరు? శక్తికి మించిన భారాన్ని దయామయుడైన అల్లాహ్ దాసులపై మోపలేదు.

కనుక కొత్త మస్జిదు పునాది వేసేటప్పుడు లెక్క చూసి వేయాలి. పాత మస్జిదులో సఫ్‌లు సరిచేయాలనుకుంటే ఉలమాల సలహాతో, అందరి సమ్మతితో, చాపలను కాస్త తిప్పి మెల్లగా సరిచేసుకోవాలి. గడిచిన నమాజులపై సందేహం రేకెత్తించడం లెక్క చెప్పిన పని కాదు.

ఇంటిల్లిపాదికీ మేము కోరేది ఒక్కటే. ఈ సెలవు దినాన అబ్బాయిలను, అమ్మాయిలను సమానంగా పిలిచి, కోణమానిని, దారం చేతికిచ్చి, వీధి మీనారు ఎత్తును కొలవమనండి. రెండు చోట్ల నుండి వచ్చిన రెండు జవాబులు కలిసినప్పుడు వారి ముఖాల్లో మెరిసే వెలుగును చూడండి. రేపు ఆ పిల్లల్లో ఒకరు ఊరి మస్జిదుకు ఖిబ్లా గీత గీస్తారేమో, మరొకరు మేనత్త వాటాను గజం తగ్గకుండా కొలిచి అప్పగిస్తారేమో. ఆ రెండు పనులకూ మొదటి పాఠం ఆ 58 డిగ్రీల కోణమే.